నీలాబాయి పటానికి కుదరని బేరం

దయ్యాలు, గాలి సోకడం, చేతబడి, ఇవేవీ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. ఆదోనిలో ఎవరికి జ్వరమొచ్చినా తాయెత్తు కోసం పరుగెత్తే వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ణి నేను. మాది పత్తి దలాలీ. చేత్తో పట్టి, పోగు లాగి చూడందే సరుకు సంగతి ఎవరు చెప్పినా మేం వినం. ఇప్పుడు రాయబోయేది కూడా నేను చేత్తో పట్టి చూసినదే. లేకపోతే ఇది రాయడానికి కూర్చునేవాణ్ణి కాదు.

మా నాయనకు నాటకాల పిచ్చి. పత్తి బండ్లు ఊళ్ళోకి దిగే కాలంలో బళ్ళారి వైపు నుంచి నాటకం కంపెనీలు వచ్చి ఆదోనిలో డేరా వేసేవి. వాటిలో ఒక కంపెనీలో నీలాబాయి అనే నటి ఉండేది. ఆమె రాణి వేషం కట్టి పాట ఎత్తుకుంటే బయట జట్కావాళ్ళు కూడా గుర్రాలను వదిలేసి డేరా సందుల్లోంచి తొంగిచూసేవాళ్ళు. నాయన ప్రతి ఆటకూ ముందు వరసలో ఉండేవాడు. ఊళ్ళో జనం ఏమేమో అనుకునేవాళ్ళు. అమ్మకు వినపడాలనే కాస్త గట్టిగా అనుకునేవాళ్ళు. అందులో నిజమెంతో నాకు తెలియదు, నాయనను అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ కంపెనీకి తెరలు రాసే పెయింటరు ఒకడుండేవాడు. బొంబాయిలో నేర్చుకున్నాడట. ఒక మధ్యాహ్నం డేరా వెనక, గుడ్డలోంచి ఎండ వడగట్టినట్టు పడుతుంటే, సగం రంగు పూసుకున్న నీలాబాయిని కూర్చోబెట్టి ఆయిలు రంగుల్లో బొమ్మ వేశాడు. నాయన దాన్ని తెచ్చి మా పడసాలలో, ఆయన కూర్చునే గద్దెకు పైన, గోడకు తగిలించాడు. ఎట్లా తెచ్చాడో చెప్పలేదు.

ఆ పటం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆడమనిషి బొమ్మ అనుకుని దగ్గరికి పోతే అక్కడ మనిషే ఉండదు. గీత అన్నది లేదు. పసుపు ముద్దలు, నీలం ముద్దలు, ఎర్ర చారలు. చిన్నపిల్లలు గోడకు చేతులు తుడిచినట్టుంటుంది. చాలా ఏళ్ళ తర్వాత మద్రాసులో చదివిన ఒక డ్రాయింగు మాస్టారు చూసి, దీన్ని ఇంప్రెషనిస్టు పద్ధతి అంటారనీ, మనిషిని కాదు, మనిషి మీద పడిన వెలుగును వేస్తారనీ చెప్పాడు. నాకైతే డబ్బులు దండగ చేసే పద్ధతి అనిపించింది.

మా ఇంటి కట్టడం గురించి చెప్పాలి. ముందు పడసాల. దాని వెనక నడిమిల్లు, ఆ వెనక ఆకాశం కనపడే తొట్టి, తొట్టికి అవతల వంటిల్లు. తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి. వంటింటి గడప మీద కూర్చుంటే పడసాల గోడ నేరుగా కనిపిస్తుంది.

పటం వచ్చిన రోజు నుంచి అమ్మ పడసాలలో కాలు పెట్టలేదు. గుడికి పోవాలన్నా, పేరంటానికి పోవాలన్నా వెనక సందులోంచి పోయేది. చుట్టాలు వస్తే వంటింట్లోనే పలకరించేది. నాయన పిలిచినా రాలేదు. పటం తియ్యమని అమ్మ అడగలేదు, తీస్తానని ఆయన అనలేదు. ఇద్దరూ ఇద్దరే. ఆయన పోయినప్పుడు శవాన్ని పడసాలలోనే పడుకోబెట్టాం. ఆ పటం మీద దుప్పటి కప్పిన తర్వాతే అమ్మ వచ్చి భర్త కాళ్ళ దగ్గర కూర్చుంది. కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజుల సంగతి ఇది.

ఆ తర్వాత అమ్మకు ఆయాసం పట్టుకుంది. వంటింటి పొగలో కూర్చుంటే ఊపిరి అందేది కాదు. డాక్టరు వచ్చి చూసి, ఈమెను గాలి వచ్చే పడసాలలోకి మార్చండి, లేకపోతే ఎక్కువ కాలం దక్కదు అన్నాడు. నేను వెంటనే నిచ్చెన తెచ్చి పటం దించబోయాను. అమ్మ తొట్టి అవతల నుంచే ఆపింది.

"ఊరికే దించి యాడనో పారేస్తే నాకొద్దు. దాన్ని మండీకి తీసకపోయి అమ్మల్ల. పత్తి అమ్మినట్టు తువ్వాలు ఏసి అమ్మల్ల. నలుగురూ చూడల్ల. అది సరుకు మాదిరి పోయిన్నాడు నేనొచ్చి ఆ పడసాలలో కూసుంటా."

అమ్మ అంత పొడుగు మాట మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. ఎన్నేళ్ళ కక్షో అది. ఆమె అడిగింది నాకు సబబుగానే తోచింది. నాకూ ఆ పటం మీద కోపమే కదా.

తువ్వాలు బేరం తెలియని వాళ్ళకు చెబుతాను. పత్తి అమ్మే మండీలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కితే అదే ధర. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ ఇద్దరికి తప్ప తెలియదు. ఒప్పుకుంటే అరచెయ్యి గట్టిగా పట్టుకోవాలి. పిడికిలి ముడిచేస్తే బేరం లేదని అర్థం. తువ్వాలు కింద ముడిచిన పిడికిలిని మళ్ళీ తెరవడం మా మర్యాద కాదు.

ఆ పటాన్ని గోనెపట్టాలో చుట్టి బండి మీద మండీకి తెచ్చాను. జనం నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. కొంటానని ముందుకొచ్చింది ఖాదర్ సాహెబ్. ఆయనా పత్తి దలాలే, నాయన పక్కనే కూర్చుని నాటకాలు చూసిన మనిషి. మంచివాడు, అబద్ధం ఆడడు. పొద్దున పూట, మంచి ఎండలో, అందరి మధ్యా బేరానికి కూర్చున్నాం. నేను నా భుజం మీది తువ్వాలు తీసి కప్పాను.

ఆయన నా వేళ్ళు నొక్కాడు. నేను తిరిగి నొక్కాను. ధర కుదిరింది. అరచెయ్యి పట్టుకోబోతున్నాను. అప్పుడు మా రెండు చేతుల మధ్యకి ఇంకో చెయ్యి వచ్చింది.

అది ఎటు నుంచి వచ్చిందో చెప్పలేను. కింద నుంచి వచ్చినట్టనిపించింది. చిన్న చెయ్యి. వెచ్చగా ఉంది. ముందు ఖాదర్ సాహెబ్ చేతిని పక్కకు నెట్టింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని, నా వేళ్ళను చిటికెన వేలి దగ్గర నుంచి ఒక్కొక్కటే లోపలికి మడిచింది. పిడికిలి అయ్యేదాకా వదల్లేదు. దాని చూపుడు వేలి కొస నా అరచేతికి తగిలింది. అక్కడ అడ్డంగా, గట్టిగా, దారం కుట్టినట్టు ఒక గీత ఉంది. నేను గట్టిగా విదిలించుకున్నాను. తువ్వాలు ఎగిరి పక్కన పడింది.

కింద నా పిడికిలి, కాస్త దూరంలో ఖాదర్ సాహెబ్ చెయ్యి, అంతే. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏమప్పా, కింద ఇంకొక చెయ్యి ఎవరిదప్పా?" అన్నాడు మెల్లగా, నాకు మాత్రమే వినపడేటట్టు.

కాబట్టి అది నా ఒక్కడి భ్రమ కాదు. నా మణికట్టు మీద, తువ్వాలు లోపలి వైపున తెల్లగా ఏదో పొడి అంటుకుని ఉంది. మండీలో ఎటు చూసినా దూది నుసే, అదే అయి ఉంటుందని తుడుచుకున్నాను. కానీ దూది నుసి కాదని తుడుస్తున్నప్పుడే తెలిసింది. మెత్తగా, సన్నగా, వేళ్ళ మధ్య జారే పొడి. ముఖానికి పూసుకునే పౌడరు మాదిరి ఉంది. నాటకాలవాళ్ళు పూసుకునేది.  తువ్వాలును మడిచి ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున దాచాను. మైలపడ్డ గుడ్డలా అనిపించి ఉతకడానికి కూడా వెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో రొట్టె మాడిపోయింది. అమ్మకు ఎంత ఆయాసమున్నా జొన్నరొట్టె తనే తట్టాలి, నా భార్య సరోజను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. అసలే చిరాకులో ఉన్నానేమో, నల్లటి రొట్టె కంచంలో చూసి సరోజ మీద ఎగిరాను.  అమ్మ గడప మీది నుంచి ఒకటే అడిగింది, పోయిందా అని. పోలేదన్నాను. కోప్పడుతుందనుకున్నాను. ఆ పూట అమ్మ ఎన్నడూ లేనంత తిన్నది.

మళ్ళీ ప్రయత్నించకుండా ఉంటానా? ఒక ఆడదాని బొమ్మకు భయపడ్డానని ఊరు నవ్వుతుంది. ఎమ్మిగనూరులో హోటలు నడిపే ఒకాయన, గిరాకీ కోసం గోడకు తగిలించుకుంటానని వచ్చాడు. అమ్మకు ఇంకా బాగుంటుందనుకున్నాను, నీలాబాయి టీ తాగేవాళ్ళ మధ్య వేలాడుతుంది. కొత్త తువ్వాలు వేశాం. బేరం సగంలో ఉండగానే ఆ మనిషి చెయ్యి లాక్కుని లేచాడు. ముంజేతి మీద గోటి గీరు, నెత్తురు చుక్కలు. నేనే గీరానని నానా మాటలు అన్నాడు. నా గోళ్ళు చూపించాను, రోజూ చేతులు కలిపే దలాలీ మనిషికి గోళ్ళుంటాయా? అతను నమ్మలేదు. పోతూ పోతూ, ఈ బొమ్మలో ఆమె మా ఊళ్ళోనే ఉంది, అంత చేతగాకపోతే పోయి ఆమెకే ఇచ్చుకో అన్నాడు.

నీలాబాయి బతికే ఉందని నాకు అప్పుడే తెలిసింది. బతికున్న మనిషి దయ్యమెట్లా అవుతుంది? నా కోపమంతా ఆమె మీదికి మళ్ళింది. ఏదో విద్య నేర్చిన మనిషి, అక్కడ ఉండి ఆ చేతిని ఆడిస్తున్నదేమో అని కూడా అనుకున్నాను. నమ్మనంటూనే ఎంత దూరం పోయానో చూడండి.

పటాన్ని బస్సు టాపు మీద కట్టించి ఎమ్మిగనూరు పోయాను. ఆమె మగ్గాల వీధిలో ఒక చిన్న ఇంట్లో ఉంది. వీధంతా మగ్గాల చప్పుడు. ముఖం ముడతలు పడింది కానీ నడుం వంగలేదు. అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నేను ఎవరి కొడుకునో చెప్పాను. కూర్చోమనలేదు.

పట్టా విప్పించి, పటాన్ని ఎదురింటి గోడకు ఆనించమంది. చూసింది. లేచి తన ఇంటి గోడకు వీపు ఆనేదాకా వెనక్కి జరిగి మళ్ళీ చూసింది.

"ఈ వీధి వెడల్పు చాలదు," అంది. "దీనికి దూరం కావల్ల. ఆ పెయింటరు అప్పుడే చెప్పినాడు. మీ ఇంట్లో యాడ పెట్టినారు?"

గద్దెకు పైన అన్నాను.

"మీ నాయన దాని కిందనే కూసునేటోడా? అయితే ఆయనకు నా ముఖమే కనపడి ఉండదు. మీ అమ్మ యాడ కూసుంటాది?"

వంటింటి గడప మీద అని చెప్పాను. ఆమె చేతిలోని కండె పక్కన పెట్టి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"అయితే ఇన్నేండ్లూ నన్ను చూసింది మీ అమ్మేనప్పా. మీ నాయన కాదు."

 కోపంగా, మా నాయనకూ నీకూ ఏమిటని అడిగేశాను. ఊరంతా అనుకున్నదే అనుకో, నేను కాదంటే నమ్ముతావా అంది. పటం తీసుకోమన్నాను. దగ్గర నుంచి చూస్తే ముఖమే లేని బొమ్మ నాకెందుకు, తీసకపో అంది.

పోయే ముందు నేను సిగ్గు విడిచి ఒకటి అడిగాను. తువ్వాలు కింద ఒకసారి చెయ్యి పట్టుకోవాలన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, ఏమనుకుందో చెయ్యి చాపింది. అదీ చూశాను. పొడుగు వేళ్ళు, మగవాడి చేతిలా పెద్ద చెయ్యి. చూపుడు వేలి కొస నున్నగా ఉంది. నేను మండీలో పట్టుకున్న చెయ్యి అది కాదు. పటాన్ని మళ్ళీ చుట్టించుకుని ఆదోని బస్సెక్కాను.

వచ్చేసరికి అమ్మ మంచం పట్టింది. మంచం వంటింటి గడప పక్కనే వేసుంది. ఊపిరి గురగురమంటోంది. ఇక పంతాలు చాలనుకున్నాను. పటాన్ని దాని మేకుకే తగిలించి, పోయిందా లేదా అన్న మాటే ఎత్తకుండా, నేనూ సరోజా అమ్మను మంచంతో సహా ఎత్తి పడసాలలోకి తెచ్చాం. గాలి చల్లగా వస్తోంది. అమ్మ కళ్ళు తెరిచి తనెక్కడుందో గుర్తుపట్టింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను.

అమ్మ తలెత్తి పటం వైపు చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళు చికిలించి, తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముఖం యాడుందిరా?" అంది.

దగ్గర నుంచి అట్లాగే ఉంటుందమ్మా, రంగులే కనిపిస్తాయి అన్నాను.

"ఈడ ఏమీ లేదే. ఇన్నేండ్లు నేను ఎవుర్తిని చూస్తి?"

ఆ మాట అన్నప్పుడు అమ్మ గొంతులో ఉన్నది కోపమో ఏడుపో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అమ్మ కాసేపటికి, నన్ను మళ్ళీ ఆడికే తీసకపో అంది. డాక్టరు చెప్పాడమ్మా, ఇక్కడైతే గాలి వస్తుంది అన్నాను. ఈ దిక్కుమాలిన పటాన్ని ఇప్పుడే తీసి పొయ్యిలో పెడతానని కూడా అన్నాను.  అమ్మ దుప్పటి కింద నుంచి చెయ్యి జరిపి నా చెయ్యి అందుకుంది.

మా ఇళ్ళల్లో ఎదిగిన కొడుకు తల్లి కాళ్ళకు మొక్కుతాడు గానీ చెయ్యి పట్టుకోడు. బుద్ధి తెలిసిన తర్వాత అమ్మ చెయ్యి పట్టుకోవడం నాకు అదే మొదలు. చిన్న చెయ్యి. వెచ్చగా ఉంది. దుప్పటి కింద అది నా మణికట్టు పట్టుకుని, చిటికెన వేలి దగ్గర నుంచి ఒక్కో వేలూ లోపలికి మడిచింది. పిడికిలి అయ్యేదాకా వదల్లేదు. చూపుడు వేలి కొసలో అడ్డంగా గట్టి గీత.

అమ్మను మళ్ళీ వంటింటి గడప దగ్గరికే చేర్చాం. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఉన్నన్ని రోజులూ పడసాల వైపు తిరిగే పడుకుంది.

కర్మలన్నీ అయ్యాక సరోజను ఆ గీత గురించి అడిగాను. కత్తిపీట మీద తెగిన గాటు, ఎప్పటిదో, మీకు తెలియదా అంది. రొట్టె మాడిన రోజు సంగతీ అప్పుడే చెప్పింది. పిండి కలుపుతూ కలుపుతూ అత్త ఉన్నట్టుండి ఆగిపోయిందట. కళ్ళు తెరుచుకునే ఉన్నాయట, పిలిస్తే పలకలేదట. పెనం మీద రొట్టె మాడి పొగ వచ్చాక ఉలిక్కిపడి, ముందు తన చెయ్యి చూసుకుందట. మీరప్పుడు నన్ను తిట్టారు కదా, చెప్పేదేముంది అంది సరోజ.

ట్రంకు పెట్టె తెరిచి తువ్వాలు బయటికి తీశాను. మడతల్లో పురుగు పట్టి ఉంది. పాత జొన్నపిండి వాసన. ముఖం పౌడరుకు పురుగు పట్టదు.

ఖాదర్ సాహెబ్‌కు ఈ సంగతి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, ఆ రోజు ఆ చెయ్యి నాకూ తగిలిందప్పా, అంతవరకే నాకు తెలుసు అన్నాడు. నేనూ అంతకంటే చెప్పలేను. అమ్మ ఇంట్లో ఉంది, మేము మండీలో ఉన్నాం, మధ్యలో సగం ఊరు ఉంది. అమ్మమన్నది అమ్మే. అమ్మనివ్వనిదీ ఆమెనా? అయితే ఎందుకు? ఎట్లా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు దారి దొరకలేదు.

పటం ఇప్పటికీ అదే మేకుకు ఉంది. వంటింటి గడప మీద కూర్చుంటే సగం రంగు పూసుకున్న నీలాబాయి తేటగా కనిపిస్తుంది, ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు. ఆమె మీద నా కోపం పోలేదు. కానీ ఒక్కటి మాత్రం ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. అది అమ్మ చెయ్యి అని తెలిసి ఉంటే ఆ రోజు అంత గట్టిగా విదిలించుకునేవాణ్ణి కాదు.